పాత ఖడ్గముల పిడులు: వాని పుట్టుక, వయస్సు

ఖమ్మము మొదలుకొని భద్రాచలము వఱకు వ్యాపించిన యడవి సరిహద్దు గ్రామములలో, దసరానాడు ఆయుధపూజకై బయటికి తీయు వస్తువులలో కొడవలి, గొడ్డలి, నాగటికఱ్ఱులతోబాటు అక్కడక్కడ ఒక పాత ఖడ్గము గూడ కానవచ్చును. దానికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మరల గుడ్డ చుట్టి యటకమీద నుంచుదురు. ఇది యెక్కడిదని యడిగినచో సామాన్యముగా మూడు జవాబులలో నొకటి వచ్చును. ప్రతాపరుద్ర మహారాజు దండులోని దని యొకరందురు. తానీషా యేలుబడిలో పాల్వంచ పరగణాకు వచ్చిన సిపాయి దని మఱొకరందురు. గోదావరి కావలి యొడ్డువారైనచో రేకపల్లి పితూరీ నాటి దందురు. మొదటిమాట నిజమైన యెడల ఆ కత్తి 1323కు పూర్వపుది కావలెను. రెండవది నిజమైన 1687కు పూర్వపుది. మూడవది నిజమైన 1879 నాటిది. ఒక్క కత్తినిగూర్చియే యైదువందల యేబది యేండ్ల యెడముగల మాటలు వినవచ్చుట ఆశ్చర్యము గాదు. తాతలు చెప్పిన మాటను మనుమలు గౌరవించిరి. ఇనుము చెప్పు మాటను వినుట యెట్లో వారికెవరును నేర్పలేదు.

ఇనుము మాటలాడునా యని మీరడుగవచ్చును. మాటలాడును, కాని యది యలుగు మెఱుపులో మాటలాడదు. అలుగును పిడియు గలియు చోట మాటలాడును. ఆ సందులోనున్న తుప్పు, మురికి, పాత లక్క యివియే దాని నాలుక. పండుగకు ముందు మనము చింతపండును ఇటుకపొడియు పెట్టి తోమునది సరిగా నా చోటనే. ఈ ప్రసంగమంతయు నీ యొక్క విషయమును గూర్చినదే యని చెప్పవచ్చును.

ముందు కత్తికిగల యంగములను దెలిసికొందము. పదునుగల యినుపభాగము అలుగు. దాని యంచు వాదర. అలుగు మొదట సన్నగిలి పిడిలోనికి దూఱు భాగమును కాడ యందము. కాడను లోపల నిముడ్చుకొని చేతికి పట్టునిచ్చునది పిడి. అలుగునకును పిడికిని నడుమ, శత్రువు కత్తి జాఱివచ్చి చేతిని నఱకకుండ, అడ్డముగానుండునది అడ్డుబిళ్ల. మన కత్తులలో నీ యడ్డు పిడితో నేకముగా నుండును. జపాను కత్తులలో నది విడిగా ఊడివచ్చు బిళ్ల. దానిని వారు త్సుబా యందురు. సంస్కృతమున పిడికి త్సరువని పేరు గలదు గాని, ఈ రెండు మాటలకు చుట్టఱికమేమియు లేదు, ధ్వనిసామ్యమే.

జపాను మాట యిచ్చట నేల యనిన, కత్తికి సంబంధించిన ఇనుపముక్కను జూచి, ఏ సీమది, ఏ కాలపుది, ఎవని చేతిపని యని నిర్ణయించు విద్యలో ఆ దేశమువారు మిక్కిలి యాఱితేఱినవారు. వారు త్సుబాను చదువునట్లు మనమును మన పిడులను చదువ నేర్చినచో, మన యటకమీది కత్తులకు గూడ వయస్సు చెప్పవచ్చును. హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలను జూచినవారు అచ్చటి జపాను వస్తువులలో యోధులు ధరించిన పొడుగుకత్తిని పొట్టికత్తిని జూచియుందురు. 1949లో గతించిన మూడవ సాలార్‌జంగు నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో 1951లో తెఱవబడిన శాల యది. అందలి పరదేశపు కత్తులను జూచి నోరు తెఱచు మనవారు, తమ యింటి కత్తిని మాత్రము ఒక్కసారియైన త్రిప్పి చూడరు.

త్సుబా యన నఱచేతిలో నిముడు ఇనుపబిళ్ల. రెండున్నర మూడంగుళముల వెడల్పు. మందము మన పాత రాగి డబ్బును రెండు మూడు పేర్చినంత. నడుమ కాడ దూఱుటకు మేకు కోసినట్టి సందు. దానికిరుప్రక్కల మఱి రెండు రంధ్రములుండవచ్చును. ఒకటి ఒరలో నుంచుకొను చిన్నచాకు పిడి పట్టుటకు, రెండవది జుట్టు సవరించుకొను శలాక పట్టుటకు. నడిమి సందు చుట్టును కోడిగ్రుడ్డు ఆకారముగా కొంత చోటు నున్నగా విడిచియుందురు. కత్తిని బిగించునప్పుడు పలుచని రాగిబిళ్లలు పైనను క్రిందను అచ్చట నానును. పనివాడు తన పేరును చెక్కునదియు నచ్చటనే. మిగిలిన మైదానమంతయు వాని కళకు విడిచిన పొలము.

దీని వయస్సును వారెట్లు నిర్ణయింతురు? పేరు చూచియే యని తొందరపడి చెప్పరాదు. పేరు చెక్కుట యెవడైన జేయవచ్చును. పదునాఱవ శతాబ్దిలో నొబుఇయే యనియు కనెఇయే యనియు నిద్దఱు గొప్ప పనివారు తమ యినుపబిళ్లలపై పేర్లు చెక్కిరి. ఇట్లు చెక్కినవారిలో మొదటివారుగా వీరిని లెక్కింతురు. తరువాతి మూడువందల యేండ్లలో వారి పేరు చెక్కిన దొంగబిళ్లలు లెక్కకు మిక్కిలిగా పుట్టినవి. కావున ఎఱిగినవాడు పేరును కడపట చదువును. మొదట ఇనుమును చదువును.

పాత ఇనుముమీద తుప్పు నల్లగా, ముదురు గోధుమవన్నెగా, దట్టమై, తాకిన నున్నగా నుండును. క్రొత్తగా మందులు పోసి పుట్టించిన తుప్పు ఎఱ్ఱగా, ఇటుకపొడివలె చేతికంటును. సమ్మెటదెబ్బలతో పలుమాఱు మడచి సాగగొట్టిన యినుము అంచునందు ఎముకపొక్కులవలె చిన్నచిన్న గంటులు చూపును; దానినే వారు ఇనుప ఎముకలందురు. పోతపోసిన యినుమున నవి యుండవు; దానిలో కుట్టు లోపలియంచులను పరిశీలించిన పోత అచ్చు కలిసిన గీటు కనబడును. గోటితో మీటిన సాగగొట్టిన బిళ్ల గంటవలె మ్రోగును. పోతబిళ్ల మొద్దుగా పలుకును. మన కంచరులు పాత్రను కొనువారికి మీటి చూపునట్లే యిదియు.

అటుపిమ్మట కాడ దూఱిన సందును జూతురు. ఒక బిళ్ల మూడు నాలుగు తరములలో మూడు నాలుగు కత్తులకు మాఱును. ప్రతి కత్తి కాడయు నొక్కతీరుగా నుండదు గనుక సందు కొనలయందు రాగిముక్కలు క్రుక్కి, ఉలితో అంచులను కొట్టి బిగించుచువచ్చిరి. ఆ రాగి చీలలు, ఉలిగాట్లు నెన్నియున్న బిళ్ల యంతటి సంసారము చేసినదని లెక్క. ప్రక్కరంధ్రములు తరువాత తొలిచినవియైనను, అక్కఱ తీఱినపిమ్మట సీసముతో పూడ్చినవియైనను, ఆ చరిత్రయు తెలియును. చెక్కడపు తీగ నొకదానిని ప్రక్కరంధ్రము నఱికినచో, రంధ్రము చెక్కడమునకు తరువాతి దని సాక్షి యక్కఱలేకయే తేలును.

ఇక సీమలు. కాడలోను బిళ్లలోను జాతి తెలియును. ఒవారి సీమవారి కుట్టుబిళ్లలు బరువుగా, లెక్కతో గీచినట్లుండును. హిగో సీమవారివి ఇనుము నునుపునకు పేరువడసినవి. గోతో వంశమువారు ఇనుమును ముట్టక, షకుదో యను నల్లలోహముమీద బంగారముతో పనిచేసిరి. షకుదో యన రాగిలో కొంచెము బంగారము కలిపినది. మందునీటిలో ఉడికించిన కాకిరెక్కవలె నల్లనగును. పదునేనవ శతాబ్దిలో మొదలైన యీ వంశపు పని యెదో శాంతికాలమున, అనగా 1603 నుండి 1868 వఱకు, ప్రభువుల యాస్థానములలో వెలసెను. యుద్ధము లేని కాలమున అడ్డుబిళ్ల చేతిని కాచు పని మాని నగ యైనది. ఆడుదాని నడుమున వడ్డాణమెట్లో యోధుని నడుమున నదట్లు. కావున బంగారము మెండైనకొలది కాలము క్రిందిదని సామాన్యముగా ననుకొనవచ్చును. సామాన్యముగా నన్నమాట మఱువరాదు.

1876వ సంవత్సరము మార్చి 28వ తేదీని జపాను ప్రభుత్వము, సైనికులు రక్షకభటులు మున్నగు కొందఱు తప్ప మఱెవ్వరును కత్తి ధరించి వీథిలో తిరుగరాదని శాసించెను. ఒక్కదినమున లక్షలకొలది కత్తులకు పని పోయెను. బిళ్లలను పనివారినుండి ఊడదీసి ఓడలకెక్కించిరి. ఐరోపా, అమెరికా ధనికులు సీతాకోకచిలుకలను బోలె వానిని కూర్చిరి. గిరాకి పెరుగగా, కత్తికెన్నడును ఎక్కని బిళ్లలను సైతము అమ్మకమునకై చేయసాగిరి. వీనిని గుర్తించుట సులభము. కాడసందు చుట్టును ఉలిగాటు లేదు, రాగి చీల లేదు, ఆనిన చోట అరుగుదల లేదు. పెండ్లికాని పీటవలె నున్నది. ఆ కాలపు పనివారిలో నందఱును పొట్టకై యిట్టి సరుకే చేసిరని యనుకొనరాదు. కనో నత్సువో యను మహాశిల్పి (1828–1898) క్రొత్త జపాను నాణెములకు అచ్చులు చెక్కెను.

మన తీరమునకు ఆ దేశముతో సంబంధము లేకపోలేదు. డచ్చి వర్తకులు 1605 మొదలు మచిలీపట్టణమునను, 1609 మొదలు జపానులోని హిరాదో రేవునను కోఠీలు పెట్టి, 1641 నుండి నాగసాకి రేవులోని దెజిమా దీవిలో నుండి వ్యాపారము చేసిరి. నడుమ బటేవియా వారి పెద్దసంత. మన తీరపు అద్దకపు గుడ్డలు జపానునకు పోయినవి. అచ్చటివారు వానిని సరసా యని యపురూపముగా దాచుకొనిరి. జపాను రాగికడ్డీలు మన తీరమునకు దిగినవి. తెలుగు దేశపు ఇనుమును ఉక్కును గూడ డచ్చివారు బటేవియాకు చేర్చిరి. అచ్చట జపాను చక్రవర్తి సేనాని తొకుగవా ఇయెయసు కొలువులోని యసుత్సుగు అను కమ్మరి తన కత్తులపై, నంబన్ ఇనుముతో చేసితినని చెక్కెను. నంబన్ అనగా దక్షిణదిక్కు అనాగరికుడు. ఓడలపై దక్షిణమునుండి వచ్చిన పరదేశీయుల నందఱిని వారట్లు పిలిచిరి. ఆ యినుము హిందూదేశపు ఉక్కేయని కొందఱు పండితుల యూహ. డ్రాగను సర్పములు పెనగొన్న చెక్కడముగల త్సుబాలకును నంబన్ అనియే పేరు.

మన యిండ్లకు వత్తము. మన కత్తులలో పిడిని అలుగునకు కలుపునది చీల గాదు, లక్క. పిడి లోపల డొల్ల. అందులో కరగిన లక్కపోసి, కాడను వేడిచేసి గ్రుచ్చి, చల్లారనిత్తురు. మోదుగు మొదలగు చెట్లనుండి వచ్చు లక్కయే. దీనివలన నొక చిక్కు గలదు. పిడిని నిప్పుకు చూపినచో లక్క కరగి, అలుగు ఊడివచ్చును. మఱొక పిడికి అమర్చుట గడియపని. అందుచేత మన కత్తులలో అలుగొక కాలపుది, పిడి మఱొక కాలపుది యగుట తఱచు. తాత బండికి ఇరుసు మార్చి, మనుమడు చక్రములు మార్చిన, అది తాత బండియేనా యన్న ప్రశ్న వంటిది. కావున కత్తి వయస్సెంత యని యొక్క ప్రశ్న యడుగరాదు. అలుగు వయస్సెంత, పిడి వయస్సెంత, వీని పెండ్లి యెప్పుడు జరిగినదని మూడు ప్రశ్న లడుగవలెను.

పెండ్లి సంగతి సందునందే తెలియును. అలుగు వెడల్పునకు పిడినోరు సరిపోయినదా? సరిపడక గుడ్డపేలికలు, సన్నని ఇనుపఱేకులు క్రుక్కినారా? లక్క నల్లబడి రాయివలె గట్టిపడినదా, లేక ఎఱ్ఱగా మెఱయుచున్నదా? పిడి కిరుప్రక్కల దిగిన రెండు నాలుకలు అలుగుమీద చక్కగా నానినవా, యెడమున్నదా? ఇట్టి చిన్నవస్తువులు సత్యమును చెప్పును. పెద్దలు కట్టిన కథ చెప్పదు.

పిడుల రూపములలో కాలక్రమము కొంత స్థిరపడినది. కాకతీయుల కాలపు వీరగల్లులలోను గుడిగోడల చెక్కడములలోను గల కత్తులను నిదానించి చూచిన, చేతివ్రేళ్లను గప్పు వంకకమ్మి సామాన్యముగా కానరాదు. పట్టుకొను పిడియు, దాని కడ్డముగా చిన్న యడ్డును, అంతియే. వ్రేళ్లమీదుగా వెడల్పు పట్టీ వంగి పిడితలను చేరుటయు, తలమీద వెనుకకు మేకువలె నొక కొమ్ము సాగుటయు గల బుట్టపిడి, అనగా ఖాండా పిడి, పదునాఱవ పదునేడవ శతాబ్దులలో వృద్ధిపొందినది. పిడితలమీద పళ్లెమువంటి గుండ్రని బిళ్లగల తల్వారు పిడి మొగలుల దండ్లతో దక్కనుననంతటను వ్యాపించినది. కావున మీ కత్తికి వ్రేళ్లపట్టీ యున్నచో, పిడిమట్టునకు ప్రతాపరుద్రుని మాట కొట్టివేయవలెను. అలుగు సంగతి వేఱుగా విచారింపవలెను.

పిడుల కాలనిర్ణయమునకు మనకు దొరకిన గొప్ప సాక్ష్యము తెలుగుదేశపు కోటనుండియే పోయినది. కాని యది యున్నది రాజస్థానమున. ఔరంగజేబు దండులో వచ్చిన బికనేరు రాజు అనూపసింహుడు (1669–1698), ఆదోనికోట 1689 ప్రాంతమున మొగలుల వశమైనప్పుడు అచ్చటి ఆయుధములను తన కోటకు తరలించెను. వానిలో పలు పిడులపై సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా నాగరిలిపిలో అక్షరములు పొడిపించిరి. అవి రాజు పేరును, ఆదోని పేరును, సంవత్సరమును దెలుపును. కల్లమున ధాన్యపురాశిపై ముద్ర వేయుట మీరెఱుగుదురు. ముద్ర పంటపండించినవాడు వేసినది కాదు. కాని ముద్ర పడిన దినమునకు రాశి కల్లమున నుండెనని యది రుజువు. ఆదోని పిడుల సంగతి యట్టిదే. అవి యెప్పుడు చేసినవో ఆ చుక్కలు చెప్పవు. 1689 నాటికి దక్కనులో నిట్టి పిడు లుండెనని నిశ్చయముగా చెప్పును. వానితో పోల్చి, మన ఖమ్మము సీమ పిడులలో దక్కను పని యేదో, ఉత్తరదేశపు పని యేదో తెలిసికొన వీలుపడినది. ఆ ఆయుధములను తూకమునకు అమ్మియున్నచో నీ దారియు మూసికొనిపోయెడిది.

తంజావూరున నదియే జరిగినది. 1855లో నచ్చటి మరాఠా రాజవంశ మంతరించినపిమ్మట, ఆయుధశాలలోని యెన్నుకొన్న కొన్ని వస్తువులు మదరాసు ప్రదర్శనశాలకు చేరినవి. చాలభాగము విఱుగగొట్టి పాత ఇనుముగా నమ్మివేయబడినది. ఆ విఱిగిన పిడులలో నేమేమి పోయెనో యెవరు లెక్కింతురు?

రెండవ మాట, తానీషా సిపాయి మాట, సంభవమైనదే. అబుల్‌హసన్ తానీషా 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలెను; కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండి భద్రాచలము గుడిని గట్టించిన కాల మదియే. ఆ కాలపు కత్తులలో ఫిరంగి యను నొక జాతి గలదు. ఫిరంగి యనగా మనకిప్పుడు తుపాకిగొట్టము స్ఫురించును. కాని ఆనాడు పరంగుల దేశమునుండి వచ్చిన అలుగునకు నీ పేరుండెను. పోర్చుగీసువారు 1510లో గోవాను బట్టినది మొదలు ఐరోపా అలుగులు దిగుమతి కాజొచ్చినవి. సూటిగా, వంగి మరల నిలుచునట్లుండు అలుగులు. వానికి మన కమ్మరి బుట్టపిడిని తొడిగెను. అలుగు మొదట కనుబొమ్మలవలె ఎదురెదురుగా రెండు అర్ధచంద్రము లున్నచో జెనోవా ముద్ర. పరుగెత్తు తోడేలు గీత యున్నచో జర్మనుల పస్సౌ, సొలింగెను ఊళ్ల ముద్ర. అయితే మనవారు మిక్కిలి నేర్పరులు. పరంగి అలుగునకు గిరాకి యుండుట చూచి, ఆ గుఱుతులనే మన అలుగులపై కొట్టిరి. జపానువారు నొబుఇయే పేరు చెక్కినట్లే! దొంగముద్ర లోతు తక్కువై గీత తడబడును. అసలుముద్ర ఒక్క దెబ్బతో పడినది.

అలుగు మన యుక్కుదైనచో జౌహరు చూచి తెలియవచ్చును. నీటిమీద గాలి వీచినట్లు అలుగు మైదానమున సన్నని తరగలు నడచును. నిజామాబాదు సీమలోని కోనసముద్రము ఈ యుక్కునకు ప్రసిద్ధము. హెన్రీ వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు భూపరిశోధన చేయుచు అచ్చటి మూసలను, కొలుములను జూచి వర్ణించెను. 1824లో నతడు గతించిన యనంతరము 1832లో నది ప్రకటింపబడెను. ఇస్పహానునుండి వచ్చిన పారసీక వర్తకు డచ్చట కొనుగోలు చేయుచుండుటను నతడు వ్రాసెను. ఆంగ్లమున వుట్జ్ అను మాట మన ఉక్కు అను మాటనుండియే పోయినదని సామాన్యముగా నందురు. ఆ యుక్కులో నూటికి ఒకటిన్నర పాలు వఱకు బొగ్గుసారము కలదనియు, కొంచెము వెనేడియము వంటి ఇతర లోహపు లేశములే యా తరగలు పుట్టుటకు సాయపడినవనియు నిప్పటి పరిశోధకులు తేల్చిరి. ఖమ్మము సీమలో బయ్యారము కొండలలోను ఇనుపరాయి యున్నది. మీ ఊరి పొలిమేరలో చిట్టెము దిబ్బలు కనబడిన, ఆ ప్రాంతమున కొలుము వెలిగెనని గుర్తు. ఇనుపచిట్టెమును వైద్యులు మండూరమని మందులలో వాడుదురు గనుక మీకది క్రొత్తవస్తువు గాదు. పిడి ఇనుము తుప్పుపట్టినచోట మ్రానుపట్టవలె నారలు నారలుగా విడిపోయిన, అది బొగ్గుకొలిమిలో సాగగొట్టిన పాతతీరు ఇనుము. అంతటను ఒకేవిధముగా పొక్కిన, యంత్రములలో తీసిన క్రొత్తకాలపు ఇనుమని సామాన్యముగా నెంచవచ్చును. ఇదొక్కటి పట్టుకొని తీర్పు చెప్పరాదు. ఐరోపా ఇనుమునందును నారలు గలవు.

మణుగూరు సమీపపు జానంపేట యడవిలోని రాక్షసగుళ్లను జూచినవారు, అంతటి పాతకత్తి మాయింట నుండవచ్చునా యని యడుగుదురు. ఉండదు. అట్టి సమాధుల ఇనుము క్రీస్తుకు పూర్వపుది. మట్టిలో నేండ్లుపడి పెచ్చులైనది. తరతరములుగా ఆయుధపూజకు వచ్చుచున్న కత్తి యది కాజాలదు.

మూడవ మాట రేకపల్లి పితూరీ. 1860లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు నిజామునుండి ఇంగ్లీషువారికి పోయెను; 1874లో నవి గోదావరి జిల్లాలో చేరెను. 1878లో ఆయుధశాసనము వచ్చెను. 1879లో రంపలో పితూరీ లేచి రేకపల్లికి వ్యాపించెను. ఆ యడవిలో పోరాడినవారు ముఖ్యముగా తుపాకులను, విల్లంబులను, పోలీసువారినుండి తీసికొన్న చిన్నతుపాకులను వాడిరి. కాని కత్తు లుండలేదని కాదు. ఆ కాలపు కత్తియని చెప్పునది మీయింట నున్నచో, ముందు అలుగు వీపున సీమ కంపెనీ పేరు గాని, అంకెలు గాని, కిరీటముద్ర గాని గలవా యని చూడవలెను. ఇంగ్లీషు సేనలు 1796 నమూనా యని చేసిన వంకరకత్తి యొకటి గలదు. దానికి వ్రేళ్లమీద నొకే ఇనుపకమ్మి, అలుగుమీద వెడల్పు గాడి. అట్టి అలుగులు మన దేశమున చాల వ్యాపించి, తల్వారు పిడులు తొడిగించుకొని, రెండు వేషములు వేసినవి. అలుగు ఇంగ్లాండుది, పిడి దక్కనుది, తుప్పు గోదావరి తేమది యైన కత్తి యొకటి మీ యటకమీద నుండిన, దానిని ప్రతాపరుద్రుని దని చెప్పుటకన్న నిజము చెప్పుట యెక్కువ గౌరవము. ఎన్నెన్ని చేతులు మాఱి, ఎన్ని ఊళ్లు దాటి యది యీ యడవికి చేరెనో!

ఇక పెద్దలు చేయదగిన పని. కత్తిని తోమవలదు. తోమి తెల్లగా చేసిన పిడికి వెల లేదు. పండితునకు పని లేదు. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, అలుగుమీద మాత్రము కుట్టుయంత్రపు నూనెను పలుచగా పూయుడు. పిడినోటి లక్కను ముట్టుకొనవలదు. వదులైనదని నిప్పుకు చూపవలదు. ఇనుప అడ్డు వదులైన దారముతో కట్టి యుంచుడు. జపాను కత్తుల కాడ తుప్పును ఆ దేశమువారు ఎన్నడును తుడువరు. ఆ తుప్పు రంగే వయస్సునకు ప్రమాణము.

పసుపు కుంకుమల బొట్టు పిడితలమీద నొకచోట చాలును. సందులో కుంకుమ క్రుక్కిన తేమ నిలిచి ఇనుమును తినును. ఆయుధమును దేవతగా పూజించు ఇంట నీ మాట చెప్పుటకు నేను జంకుచున్నాను, అయినను చెప్పవలసినదే.

ఒక తెల్లకాగితముమీద కత్తిని పరచి, పిడి చుట్టును పెన్సిలుతో గీత గీయుడు. దాని కొలతను అంగుళములలో, బరువును గ్రాములలో వ్రాయుడు. ముద్రలున్న, వానిమీద పలుచని కాగితముంచి పెన్సిలు మొద్దుకొనతో రుద్దుడు, అచ్చు పడును. కత్తి యెవరి చేతినుండి యెవరి చేతికి వచ్చినదో, ఏ గ్రామమునుండి వచ్చినదో, పేర్లతో వ్రాయుడు. అంగటివాడు కొనిపోయిన కత్తికి ఊరు పేరు పోవును. ఊరు పోయిన కత్తికి చరిత్ర సగము పోవును. మట్టిలో త్రవ్వగా దొరకిన వస్తువునకు 1878 నాటి నిక్షేపశాసనము వర్తించును: పది రూపాయలకు మించిన వెలగలదైన కలెక్టరునకు తెలుపవలెను. నూఱేండ్లు దాటిన వస్తువులను విదేశములకు తీసికొనిపోరాదని 1972 నాటి పురావస్తు శాసనము నిషేధించుచున్నది. ఇంటిలోనున్న కత్తిని మీరు గీచిన కాగితముతోను, రుద్దిన అచ్చుతోను హైదరాబాదులోని రాష్ట్ర పురావస్తుశాఖవారికి చూపవచ్చును; వస్తువును మోసికొనిపోవలసిన పని లేదు, ముందు కాగితము చాలును.